వయసుకొక పెట్టె, చూపుకొక పెట్టె: మా 2025 పన్ను రిటర్ను

నేను 2024 మధ్యలో ఉద్యోగం మానేశాను. మావారు అంతకు కొన్నేళ్ళ ముందే రిటైరయ్యారు. అందువల్ల 2025 సంవత్సరానికి మేము న్యూజెర్సీ నుంచి దాఖలు చేసిన ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వపు, పన్ను రిటర్ను, ఇద్దరిలో ఎవరికీ జీతం లేని మొదటి రిటర్ను అయింది. ఏటా ఈ కాగితాలు నేనే పూర్తి చేస్తాను కాబట్టి పని కొత్తేమీ కాదు. అయితే ఈసారి రెండు విషయాలు కొత్తగా వచ్చాయి. ఒకటి, 65 నిండినవారికి 2025 జూలైలో వచ్చిన చట్టం ఇచ్చిన 6,000 డాలర్ల తగ్గింపు. రెండవది, మావారి చూపు. ఆయనకు చాలా కాలంగా నీటికాసులు, అంటే గ్లకోమా ఉంది. ఈ రెంటిలో డబ్బు పరంగా మొదటిదే పెద్దది. శ్రమ మాత్రం అంతా రెండవ దాని మీదే అయింది. సాటి తెలుగువాళ్ళతో మాట్లాడినప్పుడు ఎక్కువ అపోహలు కనిపించింది కూడా అక్కడే కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా మూల విషయం. అమెరికాలో పన్ను లెక్కించేముందు ఆదాయంలోంచి కొంత మొత్తాన్ని రసీదులేవీ చూపకుండానే తీసేయనిస్తారు. దీనినే స్టాండర్డ్ డిడక్షన్ అంటారు. 2025కి అది ఒంటరివారికి 15,750 డాలర్లు, కలిసి రిటర్ను వేసే దంపతులకు 31,500 డాలర్లు. దీనిపైన వయసు 65 నిండితే కొంత, చట్టం చెప్పిన మేరకు చూపు లేకపోతే మరికొంత కలుస్తుంది. ఆ అదనం పెళ్ళయినవారికి ఒక్కొక్క కారణానికి 1,600 డాలర్లు, పెళ్ళి కానివారికీ భర్త లేదా భార్య పోయి ఒంటరిగా రిటర్ను వేసేవారికీ 2,000 డాలర్లు. వయసు, చూపు అనేవి వేరువేరు కారణాలు. ఒకే మనిషికి రెండూ వర్తిస్తే రెండూ కలుస్తాయి. రిటర్నులో దంపతులిద్దరికీ కలిపి నాలుగు చిన్న పెట్టెలు ఉంటాయి: మీకు రెండు, మీ భర్తకో భార్యకో రెండు. ఎన్ని పెట్టెల్లో టిక్ పెడితే అన్ని 1,600లు. మా విషయంలో వయసు పెట్టెలు రెండూ అంతకు ముందే పడుతున్నాయి. ఈసారి మూడవది పెట్టవచ్చా లేదా అన్నదే ప్రశ్న.

వయసు పెట్టె గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్క తమాషా తప్ప. పుట్టినరోజుకు ముందు రోజే మనిషికి ఆ వయసు నిండినట్టు పన్ను శాఖ లెక్క. అందుకే 2025 ఫారంలో ‘1961 జనవరి 2కు ముందు పుట్టారా’ అని అడుగుతారు. అంటే 1961 జనవరి 1న పుట్టినవారు 2025 డిసెంబరు 31 నాటికే 65 నిండినవారి కింద లెక్క. మన తరంలో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తనకు తోచిన తేదీ వేయడం, అదే ఎస్సెస్సీ సర్టిఫికెట్లోకీ, పాస్‌పోర్టులోకీ, అక్కడి నుంచి ఇక్కడి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) రికార్డులోకీ ఎక్కడం మామూలే. మా స్నేహితురాలు ఒకావిడ పుట్టింది వేసవిలోనని వాళ్ళమ్మగారు ఎప్పుడూ చెప్పేవారట, కాగితాల మీద మాత్రం జనవరి 1. ఆ మాస్టారి పుణ్యాన ఆవిడకు ఈ తగ్గింపు ఒక ఏడాది ముందే వచ్చింది. పన్ను శాఖకు రికార్డులో ఉన్న తేదీయే ప్రమాణం.

ఇక చూపు సంగతి. ఈ పెట్టె పక్కన ఫారంలో రాసి ఉన్నది ‘మీరు అంధులా’ అన్న అర్థం వచ్చే చిన్న మాట. దాన్ని చూడగానే మావారు, “నేను రోజూ పేపరు చదువుతున్నాను, నీకు తెలియదా? ఆ టిక్ పెడితే అబద్ధమాడినట్టే” అన్నారు. నేను, “మీరు పేపరు చదువుతారు, నిజమే. మరి మొన్న పక్కనే ఉన్న కుర్చీ ఎందుకు కనబడలేదండీ?” అని అడిగాను. ఆయనకు ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంటితో ఎదురుగా ఉన్న అక్షరాలను కళ్ళజోడు పెట్టుకుని బాగానే చదువుతారు. పక్కలు, పైన, కింద ఏమున్నదీ తెలియదు. తాళం చెవి సందులోంచి గదిని చూస్తే ఎంత కనబడుతుందో ఆయనకు ప్రపంచం అంతే కనబడుతుంది.

చట్టం దృష్టిలో దీనికి రెండు కొలతలు ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటి సరిపోయినా చాలు. మొదటిది చూపు పదును. కళ్ళజోడు గానీ కాంటాక్ట్ లెన్సులు గానీ పెట్టుకున్న తరువాత కూడా రెండు కళ్ళలో మెరుగైన కంటికి 20/200 కన్నా బాగా కనబడకూడదు. మన ఊళ్ళలో కంటి డాక్టర్లు చీటీ మీద రాసే పద్ధతిలో ఇది 6/60. రెండవది చూపు విస్తీర్ణం. ఎదురుగా చూస్తున్నప్పుడు కనబడే మేర 20 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మామూలు మనిషికి రెండు కళ్ళతో కలిపి పక్కలకు సుమారు 180 డిగ్రీల మేర తెలుస్తుంది కాబట్టి, 20 డిగ్రీలంటే ఎంత ఇరుకో ఊహించుకోవచ్చు. నీటికాసులు ముదిరినవారికీ, రెటీనా జబ్బుల్లో కొన్నింటికీ ఈ రెండవ కొలతే వర్తిస్తుంది. మధ్య చూపు చివరిదాకా మిగిలి ఉండడం వల్ల వారిలో చాలామంది, ‘నాకు అక్షరాలు కనబడుతున్నాయి కదా, నేను ఈ పెట్టె కింద ఎలా వస్తాను’ అనుకుని వదిలేస్తారు.

ఇందులో గట్టిగా గుర్తుంచుకోవలసింది ‘మెరుగైన కన్ను’ అన్న షరతు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవది బాగున్నవారికి ఈ తగ్గింపు రాదు. అలాగే శుక్లాల వల్ల చూపు మసకబారి, ఏడాది లోపలే ఆపరేషను చేయించుకుని బాగుపడినవారికీ రాదు, ఎందుకంటే డిసెంబరు 31న ఉన్న స్థితినే చూస్తారు. దీనికి ఒక చిన్న మినహాయింపు ఉంది. కాంటాక్ట్ లెన్సులతో చూపు బాగానే దిద్దుబాటు అవుతున్నా నొప్పి, ఇన్ఫెక్షను, కంట్లో పుండ్ల వంటి కారణాల వల్ల వాటిని కాసేపటికి మించి పెట్టుకోలేని వారు ఈ అదనాన్ని తీసుకోవచ్చు.

చూపు మొత్తంగా పోయినవారికి కాగితమేదీ అక్కరలేదు. కొంత చూపు మిగిలి ఉన్నవారు మాత్రం కంటి డాక్టరు, అంటే ఆప్తమాలజిస్టు గానీ ఆప్టోమెట్రిస్టు గానీ, ఇచ్చిన ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. దాన్ని ఫెడరల్ రిటర్నుతో పంపనక్కరలేదు, అడిగితే చూపించేలా దాచుకుంటే చాలు. స్థితి ఇక మెరుగుపడదని డాక్టరు అందులో రాస్తే అదొక్కటే ముందు ముందు కూడా పనికివస్తుంది.

డాక్టరు దగ్గర జరిగిన దాన్ని కాస్త వివరంగా చెబుతాను. చూపు విస్తీర్ణాన్ని కొలిచే పరీక్ష మావారికి కొత్త కాదు, నీటికాసుల వాళ్ళకు అది తరచూ చేస్తూనే ఉంటారు. చీకటి గదిలో ఒక తెల్లని గుండ్రటి పరికరం ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు, ఒక కంటికి అడ్డు కడతారు. రెండవ కంటితో నడిమి దీపాన్నే చూస్తూ, లోపల అక్కడక్కడ మెరిసి ఆరిపోయే చిన్న వెలుగు చుక్క కనబడినప్పుడల్లా చేతిలో ఉన్న మీట నొక్కాలి. కన్ను తిప్పితే లెక్క పోతుంది. ఆ రోజు నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. మీట శబ్దం కాసేపు వరసగా వినిపించేది, ఆ తరువాత చాలాసేపు ఏమీ ఉండేది కాదు. యంత్రం అచ్చు వేసి ఇచ్చిన కాగితంలో కుడి కంటి బొమ్మ చుట్టూ నల్లగా ఉండి, మధ్యన మాత్రం రూపాయి బిళ్ళంత తెలుపు మిగిలింది.

పరీక్ష ఫలితం అంత స్పష్టంగా ఉన్నా, క్లినిక్కు వాళ్ళు మొదట ఇచ్చిన ఉత్తరం మాకు ఉపయోగపడలేదు. అందులో నీటికాసులు తీవ్ర దశలో ఉన్నాయనీ కుడి కంటి చూపు 20/40 అనీ రాశారు. వైద్యం వరకు ఆ రెండూ నిజమే. అయితే పన్ను చట్టం జబ్బు పేరు అడగదు, కొలత అడుగుతుంది. 20/40 అని మాత్రమే ఉన్న ఉత్తరాన్ని ఎవరైనా తరువాత తీసి చూస్తే, ఈయనకు ఈ తగ్గింపు ఎలా వర్తించిందని అడగరా? ఉత్తరం తయారుచేసేది ముందు గదిలో ఉండే సిబ్బంది, వారికి ఈ నియమం తెలియాలని లేదు. అందుకని తిరిగి వెళ్ళేటప్పుడు పన్ను శాఖ సూచనల్లో అంధత్వానికి ఇచ్చిన నిర్వచనం ఉన్న పేజీని అచ్చు వేసి తీసుకెళ్ళాను. డాక్టరు గారు అది చదివి, పాత పరీక్షల కాగితాలు కూడా తెప్పించుకుని చూసి, కొత్త ఉత్తరం రాసిచ్చారు. దిద్దుబాటు తరువాత కూడా మెరుగైన కంటి చూపు విస్తీర్ణం 20 డిగ్రీలు మించడం లేదనీ, 2024 చివరలో చేసిన పరీక్ష నాటికే ఈ స్థితి ఉన్నదనీ, ఇకపై మెరుగుపడే అవకాశం లేదనీ అందులో మూడు వాక్యాలు ఉన్నాయి. ఇటువంటి ఉత్తరం కోసం వెళ్ళేవారికి నేను చెప్పేది ఇదే: నిర్వచనం ఉన్న కాగితం వెంట తీసుకువెళ్ళండి, ఏ రోజు నుంచి ఆ స్థితి ఉన్నదో రాయించుకోండి.

ఆ తేదీ ఎందుకు ముఖ్యమో తరువాత చెబుతాను. దానికి ముందు, స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవాలా, లేక ఖర్చులను పద్దుల వారీగా చూపించాలా అనేది తేల్చుకోవాలి. చూపు అదనం, వయసు అదనం రెండూ స్టాండర్డ్ డిడక్షన్‌కు అతుక్కుని ఉన్నవి. ఖర్చులు పద్దుల వారీగా చూపించేవారికి రెండూ పోతాయి. ఎప్పుడూ ఇలాగే లేదు. 1948 నాటి చట్టం 65 నిండినవారికీ చూపు లేనివారికీ ఒక్కొక్క కారణానికి 600 డాలర్ల వ్యక్తిగత మినహాయింపు ఇచ్చింది. ఖర్చులు ఏ పద్ధతిలో చూపించినా అది వచ్చేది. 1986 సంస్కరణల్లో దాన్ని తీసేసి స్టాండర్డ్ డిడక్షన్‌లో భాగం చేశారు. చూపు లేకపోవడం వల్ల వైద్యానికీ సాయానికీ బాగా ఖర్చయ్యేవారే పద్దులు చూపించే అవకాశం ఎక్కువ, అటువంటి వారికే ఈ తగ్గింపు అందకపోవడం నాకు న్యాయంగా తోచలేదు.

మా పద్దులు ఇలా ఉన్నాయి. ఇంటి అప్పు తీరిపోయింది కాబట్టి వడ్డీ లేదు. న్యూజెర్సీలో ఇంటి పన్ను ఎక్కువే, మాకు సుమారు 11,000 డాలర్లు. గుడికీ ఇతర సంస్థలకూ ఇచ్చినది 2,000. వైద్యం కింద పెద్దల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో పార్ట్ బి ప్రీమియమే నెలకు తలా 185 డాలర్ల చొప్పున ఇద్దరికీ ఏడాదికి 4,440 అయింది. అనుబంధ బీమా, కంటి చుక్కల మందులు, పళ్ళ వైద్యం కలిపితే మొత్తం 9,800. కానీ వైద్య ఖర్చులో మన స్థూల ఆదాయంలో ఏడున్నర శాతం దాటిన భాగమే లెక్కకు వస్తుంది. మా ఆదాయానికి ఆ హద్దు 5,600 పైచిలుకు. కనుక వైద్యం కింద మిగిలింది 4,200 లోపే. అన్నీ కలిపినా 17,200 దాటలేదు. స్టాండర్డ్ డిడక్షన్ మూడు అదనాలతో కలిపి 36,300. ఇక పోల్చి చూడవలసిందేమీ లేదు. పద్దుల్లో చూపించగల రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితిని 2025లో 10,000 నుంచి 40,000కు పెంచిన సంగతి చాలామంది ఉత్సాహంగా చెప్పుకున్నారు గానీ, అప్పు తీరిన ఇంట్లో ఉండే మా వంటి విశ్రాంత దంపతులకు దాని వల్ల ఒరిగేది తక్కువ.

కొత్తగా వచ్చిన 6,000 డాలర్ల తగ్గింపు దీని నుంచి పూర్తిగా వేరు. అది 65 నిండిన ఒక్కొక్కరికీ 6,000, అంటే మా ఇద్దరికీ 12,000. పద్దులు చూపించేవారికి కూడా వస్తుంది. దానికి చూపుతో సంబంధం లేదు. పెళ్ళయినవారు కలిసి రిటర్ను వేయాలి, చెల్లుబాటయ్యే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. ఆదాయం ఒంటరివారికి 75,000, దంపతులకు 1,50,000 దాటిన కొద్దీ ఒక్కొక్కరి 6,000లో నుంచి, దాటిన మొత్తంలో ఆరు శాతం చొప్పున తగ్గిపోతుంది. షెడ్యూల్ 1-ఎ అనే కొత్త కాగితంలో దీన్ని లెక్కించాలి. 2025 నుంచి 2028 వరకు నాలుగేళ్ళకే ఇది పరిమితం.

ఈ తగ్గింపు వచ్చాక, సోషల్ సెక్యూరిటీ మీద పన్ను ఎత్తేశారన్న మాట మా పరిచయస్తులందరి నోటా విన్నాను. ఎత్తేయలేదు. ఆ లెక్క ఎప్పటిలాగే ఉంది, మా అంకెలతోనే చూపిస్తాను. మా ఇద్దరి సోషల్ సెక్యూరిటీ కలిపి ఏడాదికి 46,000 డాలర్లు. నా పెన్షన్, ఐఆర్ఏ (రిటైర్మెంటు పొదుపు) ఖాతా నుంచి తీసుకున్నది కలిపి 38,000. వడ్డీ 9,000. ఇందులో హైదరాబాదు బ్యాంకులో ఉన్న ఎన్‌ఆర్‌ఇ (విదేశాల్లో ఉండే భారతీయుల) డిపాజిట్ల వడ్డీ కూడా ఉంది, దానికి భారతదేశంలో పన్ను లేకపోయినా ఇక్కడ ఆదాయంగా చూపించవలసిందే. ఇతర ఆదాయం 47,000కు సోషల్ సెక్యూరిటీలో సగం 23,000 కలిపితే 70,000. దంపతులకు ఉన్న 44,000 హద్దును ఇది 26,000 దాటింది. దానిలో 85 శాతం 22,100, దానికి ఆ హద్దు లోపలి భాగం మీద లెక్కకు వచ్చే 6,000 (ఇది కొత్త తగ్గింపులోని 6,000 కాదు) కలిపితే 28,100. మా 46,000లో ఇంత పన్ను పడే ఆదాయంలోకి వచ్చింది. స్థూల ఆదాయం 75,100.

అందులోంచి 36,300, ఆ పైన 12,000 తీసేస్తే మిగిలింది 26,800. మొదటి 23,850కు పది శాతం, మిగతా 2,950కు పన్నెండు శాతం. మొత్తం పన్ను సుమారు 2,740 డాలర్లు. ఆ 12,000 లేకపోతే ఇంకో 1,440 కట్టవలసి వచ్చేది. మరి మావారి చూపు పెట్టె వల్ల తగ్గినదెంత? 1,600లో పన్నెండు శాతం, 192 డాలర్లు. ఈ మాట దాచవలసిన పని లేదు. 1,600 డాలర్లు చేతికి వస్తాయనుకునేవారు ఉన్నారు. అది పన్ను పడే ఆదాయంలో తగ్గింపే తప్ప పన్నులో తగ్గింపు కాదు. కంటి డాక్టరు దగ్గరకు తిరిగిన తిరుగుడుకు ఏడాదికి 192 డాలర్లు గొప్ప ప్రతిఫలమేమీ కాదు. అయితే ఉత్తరం ఒక్కసారి సంపాదిస్తే ఏటా వస్తుంది కాబట్టి, ఇంకా ఉద్యోగం చేస్తూ పైశ్లాబులో ఉన్న దంపతులకు అంతకన్నా ఎక్కువే వస్తుంది కాబట్టి, వదులుకోవడానికి కారణం కనిపించలేదు. ఇంకొక మాట. ఈ తగ్గింపులన్నీ స్థూల ఆదాయం తేలిన తరువాత తీసేవి. అందువల్ల సోషల్ సెక్యూరిటీలో ఎంత భాగానికి పన్ను పడుతుందన్న లెక్కను గానీ, మెడికేర్ ప్రీమియం మీద ఆదాయాన్ని బట్టి వేసే అదనాన్ని గానీ ఇవి ఏమాత్రం మార్చవు.

ఇప్పుడు ఆ తేదీ సంగతి. 2024 రిటర్ను మేము వేసినప్పుడు మావారి వయసు పెట్టె పడింది గానీ చూపు పెట్టె ఖాళీగా ఉంది, చేతిలో ధ్రువపత్రం లేదు మరి. డాక్టరు గారి ఉత్తరం 2024 చివరి నుంచే ఆ స్థితి ఉన్నదని చెబుతున్నది కాబట్టి, ఆ ఏడాదికి సవరించిన రిటర్ను వేయవచ్చు. దానికి ఫారం 1040-ఎక్స్. మొదటి రిటర్ను వేసిన తేదీ నుంచి మూడేళ్ళ లోపల, లేదా పన్ను కట్టిన తేదీ నుంచి రెండేళ్ళ లోపల, ఏది తరువాత అయితే దాని లోపల వేయాలి. 2024లో ఒక్కొక్క పెట్టె పెళ్ళయినవారికి 1,550 డాలర్లు. ఆ ఏడాది సగం నా జీతం ఉండడం వల్ల మేము 22 శాతం శ్లాబులో ఉన్నాము. అందుచేత ఆ ఒక్క పెట్టె విలువ 341 డాలర్లు, అంటే 2025 పెట్టె కన్నా ఎక్కువ. 1040-ఎక్స్‌లో పాత అంకె, తేడా, కొత్త అంకె అని మూడు వరుసలు ఉంటాయి. కారణం రాయవలసిన చోట, భర్త చూపు 2024 డిసెంబరు 31 నాటికి చట్టం చెప్పిన హద్దు లోపల ఉన్నట్టు డాక్టరు ధ్రువీకరించారని రెండు వాక్యాలు రాశాను. రావడానికి కొన్ని నెలలు పట్టినా, డబ్బు వడ్డీతో సహా వచ్చింది.

రాష్ట్రపు రిటర్ను విషయానికి వస్తే, న్యూజెర్సీలో స్టాండర్డ్ డిడక్షన్ అనేదే లేదు. దానికి బదులు 65 నిండినవారికి 1,000 డాలర్లు, అంధులకు లేదా వికలాంగులకు 1,000 డాలర్లు మినహాయింపు ఇస్తారు. ఫెడరల్ వారిలా కాకుండా, ఇక్కడ మొదటిసారి ఆ మినహాయింపు కోరినప్పుడు డాక్టరు ధ్రువపత్రం నకలు రిటర్నుతో జత చేయాలి, స్థితి మారనంత వరకు తరువాత మళ్ళీ పంపనక్కరలేదు. 2024కు సవరించిన రాష్ట్ర రిటర్నుతో అది పంపాను. 2025లో మాత్రం మాకు రాష్ట్రానికి కట్టవలసిన పన్నే లేదు. సోషల్ సెక్యూరిటీకి న్యూజెర్సీ పన్ను వేయదు, మా ఆదాయ స్థాయిలో పెన్షన్ కూడా మినహాయింపు కిందకు వస్తుంది, మిగిలిన వడ్డీ హద్దుకు చాలా తక్కువ.

ఇదంతా మావాళ్ళకు చెబుతున్నప్పుడు కొన్ని ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువగా అడిగినది అమ్మానాన్నల గురించి. గ్రీన్‌కార్డు మీద వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న తల్లికి ఎనభై ఏళ్ళు, చక్కెర జబ్బు వల్ల చూపు పోయింది, కొడుకు ఆమెను తన మీద ఆధారపడిన వ్యక్తిగా రిటర్నులో చూపిస్తున్నాడు, అతనికి ఆ రెండు అదనాలు వస్తాయా? రావు. ఆ నాలుగు పెట్టెలు రిటర్ను వేసే వ్యక్తికీ, అతని భార్యకో భర్తకో మాత్రమే. ఆధారపడిన తల్లిదండ్రుల వయసుతోనూ చూపుతోనూ వాటికి పని లేదు. కొడుకుకు ఆమె పేరు మీద 500 డాలర్ల క్రెడిట్, అంటే నేరుగా పన్నులోనే తగ్గింపు, రావచ్చు, అదైనా ఆమె సొంత ఆదాయం 2025కి 5,200 డాలర్ల లోపు ఉంటేనే. ఆ తల్లికి సొంతంగా రిటర్ను వేయవలసినంత ఆదాయం ఉంటే మాత్రం ఆమె రిటర్నులో ఆ పెట్టెలు ఆమెకు వర్తిస్తాయి.

ఇంకొకటి, పన్ను లెక్కకు ఇక్కడి నివాసులు కానివారు. వారికి సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ లేనే లేదు. విచిత్రమేమిటంటే, భారత అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం ప్రకారం ఇక్కడ చదువుకుంటున్న భారతీయ విద్యార్థులకు ఆ హక్కు ఉంది. కాబట్టి ఒకే ఇంట్లో చదువుకుంటున్న మనవడికి స్టాండర్డ్ డిడక్షన్ ఉండి, నివాసిగా లెక్కకు రాని తాతగారికి లేకపోవడం జరగవచ్చు. భార్యాభర్తలు విడివిడిగా రిటర్ను వేస్తూ వారిలో ఒకరు పద్దులు చూపిస్తే, రెండవవారికి స్టాండర్డ్ డిడక్షన్ సున్నా అవుతుంది, దానితో పాటు వయసు, చూపు అదనాలు కూడా పోతాయి.

భర్త పోయిన ఒక స్నేహితురాలు అడిగిన ప్రశ్న కూడా చెప్పాలి. పోయిన ఏడాదికి మాత్రం కలిసి రిటర్ను వేయవచ్చు. ఆయన వయసూ చూపూ మరణించిన రోజు నాటికి ఎలా ఉన్నాయో అలా లెక్కించాలి. మరుసటి ఏడాది నుంచి ఆవిడ ఒంటరి, ఒక్క పెట్టె విలువ 1,600 నుంచి 2,000కు పెరుగుతుంది. అసలు స్టాండర్డ్ డిడక్షన్ సగానికి తగ్గుతుంది కాబట్టి ఆ పెరుగుదల కంటితుడుపే.

కాగితాలు సొంతంగా చేసుకోలేనివారికి పెద్దల కోసం ప్రభుత్వ సాయంతో నడిచే ఉచిత పన్ను సహాయ కేంద్రాలు ఉన్నాయి, చాలావరకు ఊరి లైబ్రరీలలోనే కూర్చుంటారు. అక్కడ మొదట నింపమని ఇచ్చే ప్రశ్నల కాగితంలోనే చట్టరీత్యా అంధులా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి ‘కాదు’ అని అలవాటు కొద్దీ రాసేముందు, చివరిసారి చూపు విస్తీర్ణం పరీక్ష కాగితం ఒకసారి తీసి చూడండి. రిటర్నులో పెద్దల కోసం ఉన్న 1040-ఎస్ఆర్ ఫారం అక్షరాలు పెద్దవి, ఏ పెట్టెలకు ఎంత డిడక్షనో చూపే పట్టిక ఫారంలోనే ఉంటుంది. పన్ను శాఖ పంపే నోటీసులు పెద్ద అక్షరాల్లోనో బ్రెయిలీలోనో కావాలనుకుంటే ఫారం 9000 నింపాలి. మావారు పెద్ద అక్షరాలు కోరుకున్నారు.

చివరగా మిగిలింది 2026 ఏర్పాటు. ఈ అంకెలు ఏటా ధరలను బట్టి మారుతాయి. 2026కు దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్ 32,200, ఒక్కొక్క పెట్టెకు 1,650. మాకు మూడు పెట్టెలతో 37,150, కొత్త 12,000 కూడా కలిపితే 49,150. పెన్షన్ ఇచ్చే సంస్థ పన్ను మినహాయించుకునేటప్పుడు మామూలు స్టాండర్డ్ డిడక్షన్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది, మిగతా 16,950 మనం చెబితే తప్ప వారికి తెలియదు. అందుకని డబ్ల్యూ-4పి ఫారం మళ్ళీ నింపి, అదనపు డిడక్షన్లు రాయవలసిన చోట ఆ మొత్తం వేసి పంపాను. ఇప్పుడు నెలనెలా నా పెన్షన్‌లో పట్టుకునే పన్ను తగ్గింది. డాక్టరు గారి అసలు ఉత్తరం మా పన్ను ఫైలులో ఉంది, ఒక నకలు మా అమ్మాయి దగ్గర ఉంది.